450 రేటింగ్ పాయింట్ల తేడా ఉన్న ప్రత్యర్థితో క్లాసికల్ చెస్ గేమ్: పదునుగా ఆడాలా, పావులు మార్చుకుంటూ పోవాలా?

బెజవాడ బంటు (ప్రశ్న):

పెద్దలకు నమస్కారం. నా ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) క్లాసికల్ రేటింగ్, అంటే నిదానంగా ఆడే గేముల రేటింగ్, 1640. వచ్చే వారం మా ఊళ్లోనే జరగబోయే ఒక ఓపెన్ టోర్నీకి పేరు ఇచ్చాను. పెయిరింగ్స్ (ఎవరికి ఎవరు జతో చెప్పే జాబితా) ఇంకా వెలువడలేదు గానీ, ప్రవేశాల జాబితాలో నా స్థానాన్ని బట్టి చూస్తే తొలి రౌండులో 2090 దగ్గర రేటింగ్ ఉన్న ఆటగాడు ఎదురయ్యేలా ఉన్నాడు. ఒక్కొక్కరికి 90 నిమిషాలు, మొదటి ఎత్తు నుంచే ఎత్తుకు 30 సెకన్ల అదనపు సమయం.

నాకు తెలిసిన ఇద్దరు ఆటగాళ్లు ఈ విషయంలో ఒకరికొకరు పొసగని సలహాలు ఇచ్చారు. అవకాశం దొరికినప్పుడల్లా పావులు మార్పిడి చేసుకుంటూ బోర్డును ఖాళీ చేయమనీ, పావులు తగ్గేకొద్దీ పొరపాటుకు చోటు కూడా తగ్గుతుంది కనుక అలా డ్రా దాకా లాక్కురావచ్చనీ మొదటాయన అన్నారు. రెండో ఆయనేమో, బలమైన ఆటగాడితో మామూలుగా ఆడితే ఓటమి ఖాయం కాబట్టి ఒక పావును త్యాగం చేసైనా ఆటను కలగాపులగం చేయమన్నారు. 2003లో లినారెస్ టోర్నీలో పదిహేనేళ్ల తైమూర్ రజబోవ్ గుర్రాన్ని ఎర వేసి అప్పటి ప్రపంచ అగ్ర ఆటగాడు గ్యారీ కాస్పరోవ్‌ను ఓడించిన గేమును ఉదాహరణగా చూపించారు.

ఈ రెండింటిలో ఏది సరైనది? ఓడితే, డ్రా అయితే నా రేటింగ్ ఎంత మారుతుంది? రేటింగ్ ఎక్కువ ఉన్నవారి వైపు నుంచి ఆడిన అనుభవం ఉన్నవారు కూడా చెబితే సంతోషిస్తాను.

స్కోరుషీటు:

ఎత్తుల సంగతి ఆడేవారు చెబుతారు. స్థానిక టోర్నీల్లో ఆర్బిటర్‌గా పనిచేస్తుంటాను కనుక లెక్క మాత్రం నేను చెబుతాను. ఈ లెక్క తెలిస్తే సగం బెరుకు పోతుంది.

ముందుగా, తొలి రౌండులో మీకు పెద్ద ప్రత్యర్థి రావడం దురదృష్టమేమీ కాదు. స్విస్ పద్ధతిలో ఆటగాళ్లందరినీ రేటింగ్ వరుసలో పేర్చి, జాబితాను నడిమికి విడగొట్టి, పై సగంలో మొదటివారికి కింది సగంలో మొదటివారిని జత చేస్తారు. రెండు వందల మంది ఉంటే ఒకటో ఆటగాడికి 101వ ఆటగాడు, రెండో ఆటగాడికి 102వ ఆటగాడు వస్తారు. కాబట్టి ఆ రోజు హాల్లో దాదాపు ప్రతి బోర్డు మీదా మీలాంటి జోడీయే ఉంటుంది.

ఇక రేటింగ్. హంగేరీలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్రం బోధించిన ఆర్పాడ్ ఎలో రూపొందించిన ఈ పద్ధతిని ఫిడే 1970లో చేపట్టింది. ఇద్దరి రేటింగుల తేడాను బట్టి ఎవరికి ఎంత స్కోరు రావాలో ఇది అంచనా వేస్తుంది. తేడా 100 ఉంటే పెద్దవారికి 64 శాతం, 200 ఉంటే 76 శాతం, 300 ఉంటే 85 శాతం, 400 ఉంటే 92 శాతం. మీ స్థాయి ఆటగాళ్ల విషయంలో తేడా 400 దాటినా లెక్కలో 400గానే తీసుకుంటారు. 2650, ఆ పైన ఉన్నవారికి మాత్రం 2025 అక్టోబరు నుంచి ఈ వెసులుబాటు తీసేశారు. అంటే మీ నుంచి ఆశించే స్కోరు 0.08. దీన్ని నూరు గేముల్లో 8 గెలుపులని అర్థం చేసుకోకండి. 8 గేము పాయింట్లని (గెలుపుకు ఒకటి, డ్రాకు అర) అర్థం, అందులో డ్రాలు కూడా కలిసి ఉంటాయి.

మీకు 30 రేటెడ్ గేములు పూర్తయి, వయసు 18 దాటి ఉంటే మీ కె-గుణకం (ఒక గేముతో రేటింగు ఎంత కదలవచ్చో నిర్ణయించే సంఖ్య) 20. అప్పుడు ఓడితే పోయేది 1.6 పాయింట్లు, డ్రా చేస్తే వచ్చేది 8.4, గెలిస్తే 18.4. ఎదుటివారి గుణకం కూడా 20 అయితే వారికి ఇదే లెక్క తిరగబడుతుంది: మిమ్మల్ని ఓడిస్తే 1.6 వస్తుంది, డ్రా అయితే 8.4 పోతుంది. ఆ బోర్డు దగ్గర పోగొట్టుకోవడానికి ఎక్కువ ఉన్నది మీకు కాదు.

పై స్థాయిలో ఇది ఇంకా కఠినంగా ఉంటుంది. ఒకసారి 2400కు చేరినవారికి గుణకం 10 అవుతుంది. మన వరంగల్ కుర్రాడు ఇరిగేశి అర్జున్ ప్రపంచ అగ్రశ్రేణికి చేరాక కూడా ఓపెన్ టోర్నీలు ఆడుతూ వచ్చాడు. 2780 ఉన్న ఆటగాడు 2450 ఉన్నవారితో డ్రా చేసుకుంటే దాదాపు నాలుగు పాయింట్లు పోతాయి. గెలిస్తే వచ్చేది ఒక పాయింటుకు కాస్త ఎక్కువ. అలాంటి బేరంలోనే ఆడుతూ 2024 డిసెంబరు జాబితాలో అతను 2801కి చేరాడంటే, ఎంతమంది చిన్న రేటింగు ఆటగాళ్లను వదలకుండా ఓడించి ఉండాలో ఆలోచించండి.

నల్ల గడి:

రజబోవ్ గేము ప్రస్తావన వచ్చింది కనుక దాని గురించి రాస్తాను. ఆ గేమును చాలామంది ఒకే ఒక్క ఎత్తుగా గుర్తుపెట్టుకున్నారు. మీకు సలహా ఇచ్చినవారు కూడా అలాగే చూసినట్టున్నారు.

అప్పటికి కాస్పరోవ్ రేటింగ్ 2847, రజబోవ్‌ది 2624. తేడా 223, అంటే పై లెక్క ప్రకారం కుర్రవాడి నుంచి ఆశించే స్కోరు 22 శాతం. మీ 8 శాతానికీ దానికీ చాలా దూరం ఉంది. పైగా రజబోవ్ మొదటి నుంచీ గందరగోళం సృష్టించలేదు. నల్ల పావులతో ఫ్రెంచ్ డిఫెన్స్ ఆడి, మధ్యలో బంట్లు బిగుసుకుపోయాక ఆ ఓపెనింగ్‌లో అందరూ చేసేట్టే మంత్రి వైపు బంట్లను ఏ6, బీ5, సీ4 గడులకు నడిపించాడు. కాస్పరోవ్ రాజు వైపు జీ4తో దూకాడు. ఇరవై ఎత్తులు గడిచినా నల్ల పావుల దగ్గర త్యాగం ఊసే లేదు.

21వ ఎత్తులో కాస్పరోవ్ శకటును (బిషప్‌ను) ఈ2కి తెచ్చి జీ4లో ఉన్న నల్ల గుర్రాన్ని బెదిరించాడు. ఇక్కడ బోర్డు పెట్టుకుని చూడండి: ఆ గుర్రానికి హాయిగా పోవడానికి చోటు లేదు. ఎఫ్6కి పోతే ఈ5 బంటు పట్టేస్తుంది. హెచ్6కి పోతే ఎఫ్4లో ఉన్న తెల్ల శకటు దాన్ని మార్పిడి చేసుకోగలదు. అలాంటి స్థితిలో రజబోవ్ ఆ గుర్రంతో ఈ5 బంటును పట్టాడు. డీ4 బంటుతో దాన్ని పట్టుకోవడానికి తెల్ల పావుల ఆటగాడికి అడ్డేమీ లేదు, కానీ ఆ బంటు కదిలిన మరుక్షణం బీ6లో ఉన్న నల్ల మంత్రికి జీ1 దాకా ఏటవాలు దారి తెరుచుకుంటుంది. ఈ1లో నిలబడి ఉన్న తెల్ల రాజుకు ఆ వైపు క్యాస్లింగ్ (రాజును ఏనుగుతో కలిపి పక్కకు దాచే ఎత్తు) చేసే వీలు పోతుంది. కాస్పరోవ్ గుర్రాన్ని పట్టలేదు. మంత్రిని ఈ3కి జరిపాడు. గుర్రం డీ7కి వెనక్కి వచ్చేసింది. తెల్ల మంత్రి ఈ6 బంటును పట్టుకుంది. లెక్క చూస్తే చెరొక బంటు. ఎర వేసిన గుర్రం చివరికి పోనే లేదు.

నన్ను అడిగితే అసలు గేము ఆ తర్వాతే ఉంది. కాస్పరోవ్ 26వ ఎత్తులో మంత్రి వైపు క్యాస్లింగ్ చేశాడు. అదే ఎత్తులో రజబోవ్ తన రెండో గుర్రాన్ని ఏ5కి తెచ్చి, తర్వాతి ఎత్తులో బీ3లో దించి చెక్ చెప్పాడు. రాజు డీ1కి తప్పుకోగానే హెచ్4లో ఉన్న శకటుతో జీ3లోని తెల్ల గుర్రాన్ని పట్టాడు. దాన్ని హెచ్2 బంటుతో తిరిగి పడితే హెచ్ వరుస తెరుచుకుని హెచ్8లోని నల్ల ఏనుగు నేరుగా హెచ్1 ఏనుగు మీద పడుతుంది. 39వ ఎత్తు తర్వాత కాస్పరోవ్ ఓటమి ఒప్పుకున్నాడు.

ఆ గేముకు అందమైన గేము బహుమతి ఇచ్చినప్పుడు, అది దానికి తగదంటూ కాస్పరోవ్ వేదిక మీదే ఆగ్రహం వ్యక్తం చేశాడు. మర్యాద సంగతి పక్కన పెడితే ఆయన వాదనలో కొంత నిజం లేకపోలేదు. రెండు వైపులా లోపాలున్న గేమే అది. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఏడుగురు ఆడిన ఆ టోర్నీలో లేకో, క్రామ్నిక్ సమానంగా పైన నిలిచారు, కాస్పరోవ్, ఆనంద్ సమానంగా వారి వెనక ఉన్నారు, రజబోవ్ అందరికంటే చివరన ఉన్నాడు. రేటింగు చెప్పింది టోర్నీ మొత్తం మీద దాదాపుగా నిజమే అయింది. ఒక్క గేములో మాత్రం దాని మాట చెల్లలేదు.

కాబట్టి ఆ గేము నుంచి మీకు పనికొచ్చేది త్యాగం కాదు. తనకు తెలిసిన నిర్మాణంలోకి వెళ్లడం, పావులను బోర్డు మీదే ఉంచడం, ఇరుకున పడినప్పుడు కుంటి ఎత్తు వేయకుండా ఎదురు తిరగడం. గుర్రం ఇరుక్కోకపోతే రజబోవ్ ఆ ఎత్తు వేసేవాడే కాదని నా అభిప్రాయం. మూడో ఎత్తులోనే బంటును విసిరేసి ‘పదునుగా ఆడుతున్నాను’ అనుకోవడం వేరే సంగతి.

కృష్ణాతీరం:

నా రేటింగ్ 2100కు కాస్త పైన. తొలి రౌండుల్లో మీ ఎదుటి కుర్చీలో కూర్చునేది నాలాంటివాళ్లే కనుక అక్కడి నుంచి ఎలా కనిపిస్తుందో చెబుతాను.

1600 స్థాయి ప్రత్యర్థి డ్రా కోసం పావులు మారుస్తున్నాడని అర్థమైతే నాకు చాలా హాయిగా ఉంటుంది. మార్పిడి కోసం అతను వెతుక్కుంటూ వచ్చి పట్టుకుంటాడు, నేను నా పావుతో తిరిగి పట్టుకుంటాను. ఆ పట్టుకోవడంలోనే నా పావు ఇంకో మంచి గడికి చేరుతుంది. ఇలా నాలుగు మార్పిడులు జరిగేసరికి అతని స్థితిలో చెప్పుకోదగ్గ తప్పేమీ లేకపోయినా నా పావులన్నీ ఒక అడుగు ముందుంటాయి. ఆ తర్వాత వచ్చేది ఎండ్‌గేమ్, అంటే కొద్ది పావులే మిగిలిన చివరి దశ. 1600కూ 2100కూ మధ్య తేడా అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది అక్కడే. ఓపెనింగ్‌ను ఎవరైనా పది, పన్నెండు ఎత్తుల దాకా బట్టీ పట్టి రావచ్చు. ఏనుగుల ఎండ్‌గేమ్‌ను బట్టీ పట్టలేరు.

అందులోనూ ఒక్కటి మాత్రం నేర్చుకుని వెళ్లండి. మీకు ఏనుగు, ఎదుటివారికి ఏనుగూ ఒక బంటూ మిగిలి, మీ రాజు ఆ బంటుకు ఎదురుగా ఉంటే, ఫిలిడోర్ పద్ధతిలో మీ ఏనుగును మీ వైపు నుంచి మూడో వరుసలో అడ్డంగా నిలపండి. ఎదుటి రాజు ఆ వరుస దాటి రాలేడు. విసిగిపోయి బంటును ఆ వరుసలోకి తోశారో, వెంటనే మీ ఏనుగును బోర్డు అవతలి చివరకు దించి వెనక నుంచి చెక్‌లు ఇస్తూ పోండి. ఆ రాజుకు తల దాచుకోవడానికి తన బంటు ముందున్న గడి ఇక మిగలదు. ఈ ఒక్కటి తెలియక డ్రా కావలసిన గేములు ఓడేవారిని తరచూ చూస్తుంటాను. ఓడించింది నేనే కనుక ఫిర్యాదు లేదు.

ఇక నన్ను ఇబ్బంది పెట్టేవారెవరంటే, నా ఎత్తును గుడ్డిగా నమ్మనివారు. నేను ఒక బంటును వదిలేస్తే, ‘ఇంత రేటింగ్ ఉన్నవాడు ఊరికే వదులుతాడా, ఏదో వల ఉంటుంది’ అనుకుని ముట్టుకోకుండా పక్కకు పోయేవారే ఎక్కువ. నిజానికి ఆ బంటు సగంసార్లు పొరపాటున పోయిందే. లెక్క వేసి, వల కనిపించకపోతే నిస్సంకోచంగా పట్టుకునే ప్రత్యర్థి ఎదురైన రోజు నా పని కష్టమవుతుంది. నల్ల గడి గారు చెప్పిన గేములో కాస్పరోవ్ అంతటివాడే కుర్రవాడి గుర్రాన్ని పట్టకుండా పక్కకు పోయాడు కదా.

రెండోది గడియారం. 40 ఎత్తులకు మీకు దొరికేది 90 నిమిషాలూ, 30 సెకన్ల చొప్పున ఇంకో 20 నిమిషాలూ, వెరసి 110. సగటున ఎత్తుకు రెండు ముప్పావు నిమిషాలు. మేము తెలిసిన ఓపెనింగ్‌ను చకచకా ఆడేస్తే చాలామంది ఆ వేగాన్ని అందుకోవాలని తొందరపడతారు. మా తొందర మాది. మీ నిమిషాలు మీవి. పన్నెండో ఎత్తు దగ్గర పావుగంట ఆలోచించే ప్రత్యర్థిని చూస్తే నేను కూడా బోర్డును ఇంకోసారి చూసుకుంటాను.

మొత్తం మీద మీ ఇద్దరు సలహాదారుల్లో నేను రెండో ఆయనకే కాస్త దగ్గర. పావులు ఉండనివ్వండి. త్యాగం మాత్రం అవసరం వస్తేనే చేయండి.

పాత రేటింగు:

పైవారు చెప్పినవాటిలో ఒకదానితో నాకు పేచీ ఉంది. అందరూ ఆ అంకెను నిక్కచ్చి బలంగా తీసుకుని మాట్లాడుతున్నారు. 2024 మార్చి 1న ఫిడే 2000 లోపు రేటింగులన్నిటినీ ఒక్కసారిగా సవరించింది: 2000కు ఎంత తక్కువుంటే అందులో 40 శాతం కలిపింది. అంటే ముందు రోజు 1400 ఉన్నవారు మర్నాటికి 1640 అయ్యారు. వారి ఆటలో ఒక్క బంటు కూడా మారలేదు. 2090 ఉన్నవారికి మాత్రం ఏమీ కలవలేదు. కాబట్టి అంతకుముందు నుంచీ ఆడుతున్న ఇద్దరి మధ్య నేటి 450 తేడా, పాత లెక్కలో అంతకన్నా బాగా పెద్దదై ఉండవచ్చు.

దీనికి వ్యతిరేక దిశ కూడా ఉంది. చురుగ్గా ఎదుగుతున్న పిల్లల బలం జాబితాలోని అంకె కంటే ఎప్పుడూ కొన్ని నెలలు ముందుంటుంది. అందుకే 18 ఏళ్ల లోపు ఉండి 2300 దాటనివారికి ఫిడే గుణకాన్ని 40గా ఉంచింది. మీ ఎదుట 2090 ఉన్న నడివయసు ఆటగాడు కూర్చుంటే ఒక లెక్క, పన్నెండేళ్ల పిల్ల కూర్చుంటే ఇంకో లెక్క.

2025 మహిళల ప్రపంచకప్‌లో దివ్య దేశ్‌ముఖ్ మన ద్రోణవల్లి హారికను క్వార్టర్‌ఫైనల్‌లో, కోనేరు హంపిని ఫైనల్‌లో ఓడించినప్పుడు చాలామంది దాన్ని అద్భుతమన్నారు. దివ్యది పదిహేనో సీడ్ కావడం నిజమే. కానీ ఫైనల్‌లో ఇద్దరి మధ్య ఉన్న తేడా దాదాపు 80 పాయింట్లే. రెండు క్లాసికల్ గేములూ డ్రా అయి, ర్యాపిడ్ టైబ్రేక్‌లో రెండో గేమును దివ్య నల్ల పావులతో గెలిచింది. సీడింగ్ సంఖ్యను చూసి భయపడేవారు, ఆనందపడేవారు ఒకసారి తేడా ఎంతో కూడా చూడాలి.

మీకు నేను చెప్పేదల్లా ఇంతే: పెయిరింగ్ రాగానే రేటింగును చూసి ఊరుకోకుండా, ఆ ఆటగాడి గత ఏడాది రేటింగ్ గ్రాఫును ఫిడే సైట్‌లో చూడండి. పైకి పోతోందా, కిందికి దిగుతోందా, అసలు ఏడాదిగా ఆడారా లేదా అనేది అక్కడ తెలుస్తుంది.

బెజవాడ బంటు:

అందరికీ ధన్యవాదాలు. ఓడితే పోయేది 1.6 పాయింట్లే అని తెలియక ఇన్నాళ్లూ అనవసరంగా బెంగపడ్డాను. నల్ల పావులు వస్తే నాకు అలవాటైన కారో-కాన్‌నే ఆడదామని, ఈ గేము కోసం కొత్త గాంబిట్ (బంటునో పావునో ఎర వేసే ఓపెనింగ్) ఏదీ నేర్చుకోకూడదని నిర్ణయించుకున్నాను.

ఒక్క సందేహం మిగిలింది. ముప్పై ఎత్తుల తర్వాత స్థితి సమానంగా ఉందని నాకు అనిపిస్తే డ్రా ప్రతిపాదించవచ్చా? రేటింగ్ తక్కువ ఉన్నవారు ముందుగా అడగడం మర్యాద కాదని కొందరు అంటారు.

కృష్ణాతీరం:

మర్యాదకు భంగమేమీ లేదు, ఒకసారి అడిగితే. కానీ సమాన స్థితిలో మీరు అడిగితే నేను ఒప్పుకోను, 8.4 పాయింట్లు ఎవరు వదులుకుంటారు? పైగా మీరు డ్రాతో తృప్తిపడుతున్నారని నాకు తెలిసిపోతుంది. నా స్థితి కొంచెం చెడి, నా గడియారంలో సమయం తగ్గినప్పుడు అడిగితే మాత్రం వెంటనే చెయ్యి చాపుతాను. అందుకే, నేను ఒప్పుకునే క్షణం వచ్చిందని మీకు అనిపించినప్పుడు అడగవలసిన అవసరం నిజంగా ఉందా అని ఇంకో రెండు నిమిషాలు ఆలోచించండి.

స్కోరుషీటు:

పద్ధతి కూడా చెబుతాను, తొలి రౌండులో నా దగ్గరికి వచ్చే తగాదాల్లో ఇది తరచుగా ఉంటుంది. ముందు మీ ఎత్తు బోర్డు మీద వేయాలి, తర్వాత డ్రా ప్రతిపాదించాలి, ఆ తర్వాత గడియారం నొక్కాలి. ప్రతిపాదనను ఇద్దరూ స్కోరుషీటు మీద (=) గుర్తుతో రాసుకోవాలి. ఒకసారి అడిగాక వెనక్కి తీసుకోవడం కుదరదు. ఎదుటివారు నోటితో కాదన్నా, ఎత్తు వేసే ఉద్దేశంతో పావును ముట్టుకున్నా అది రద్దవుతుంది. ఎదుటివారి సమయం నడుస్తుండగా మాటిమాటికీ అడిగితే అది వారి ఏకాగ్రతను చెడగొట్టడం కిందికి వస్తుంది, ఆర్బిటర్ హెచ్చరించవచ్చు. కొన్ని టోర్నీల్లో నిర్ణీత ఎత్తుల సంఖ్యకు ముందు ఒప్పందపు డ్రాలను అనుమతించరు. మీ టోర్నీ నిబంధనల పత్రంలో ఆ సంగతి ఉందేమో ముందే చూసుకోండి.